పలుపు లేకుండా అమ్మిన బండి

ఈమధ్య ఖమ్మం నుంచి ఇద్దరు యువకులు నన్ను వెతుక్కుంటూ బూర్గంపాడు వచ్చారు. ఇద్దరికీ గడ్డాలున్నాయి, ఇద్దరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఆ ఫోన్ల నిండా ఒక పాత కారు ఫోటోలున్నాయి. ఎవరి పెరట్లోనో తుప్పు పట్టి పడి ఉన్నదాన్ని కొన్నారట. రెండేళ్లలో కొత్తదానిలా చేస్తారట.

"అంకుల్, ఈ కారు రెడీ అయ్యేదాక తిరగనీకి చవకల ఒక పాత పికప్ కొందామనుకుంటున్నం. సామాన్లు తేవడానికి గూడ పనికొస్తది. మీరేమంటరు?" అని అడిగారు.

టీ తాగించి, నాలుగు జోకులు వేసి పంపించాల్సింది. నలభై ఏళ్లు షెడ్డు నడిపాను. జోకు వేయకుండా ఒక్క బోల్టు కూడా విప్పలేదని నాకు పేరు. ఆ రోజు మాత్రం ఒళ్లు మండిపోయింది.

"కొనకండి" అన్నాను.

"ఎందుకంకుల్?"

"మీరు దాన్ని బతకనియ్యరు గనక."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముసలాయనకు ఎండ దెబ్బ తగిలిందనుకుని ఉంటారు. టీ సగంలో పెట్టి లేచిపోయారు. వాళ్ల తప్పేమీ లేదు. ఆ కోపం వాళ్ల మీది కాదు, ఎప్పటినుంచో నా దగ్గర నిల్వ ఉన్న సరుకు. వాళ్లకు చెప్పాల్సిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. నేను ఏడో తరగతిలో లెక్కల సారు బెంచీ ఎక్కిస్తే, దిగి నేరుగా లారీల షెడ్డుకు పోయినవాణ్ని. మళ్లీ బడి ముఖం చూడలేదు. కాబట్టి వాక్యాలు ఎక్కడైనా లూజుగా ఉంటే మీరే బిగించుకోండి.

ముందు కారు సంగతి. ఖమ్మంలో ఒక కలప వ్యాపారి ఉండేవాడు. ఆయన కారు గుండ్రటి లైట్లతో, నున్నటి వీపుతో, నీళ్లలోంచి అప్పుడే లేచిన గేదెలా మెరిసేది. నేను ఆ ఊళ్లోనే పని నేర్చుకునే రోజుల్లో అది మా షెడ్డుకు వచ్చింది. ఎవరూ చూడటం లేదని లోపల కూర్చుని స్టీరింగ్ పట్టుకున్నాను. ఆయన చూశాడు. చెంప మీద ఒక్కటి ఇచ్చాడు. ఆ తర్వాత జేబురుమాలు తీసి స్టీరింగ్ తుడిచాడు. చెంప దెబ్బ సాయంత్రానికి మర్చిపోయాను. ఆ తుడవడం మాత్రం యాభై దాటినా మర్చిపోలేదు.

ఆయన పోయిన చాలా ఏళ్లకు, ఇల్లు అమ్ముకుంటూ ఆయన వాళ్లు ఆ కారును పాతసామానుకు వేస్తున్నారని తెలిసింది. వెళ్లి చూస్తే వెనక సీటు మీద కోడి పొదిగి ఉంది. కోడిని వాళ్లకిచ్చి కారును నేను తెచ్చుకున్నాను.

దాన్ని బాగుచేయాలంటే సామాను తిరిగి తేవాలి. ఖమ్మం, కొత్తగూడెం, ఒక్కోసారి అటు విజయవాడ. డోరు రేకులు, సీటు చట్రాలు మోటార్ సైకిల్ మీద వచ్చేవి కావు. అందుకని నేను కూడా ఆ గడ్డాల కుర్రాళ్లలాగే ఆలోచించాను. చవకలో ఒక పాత పికప్ కొనుక్కుంటే చాలు, కారు తయారయ్యేదాకా ఈడ్చుకొస్తుంది, తర్వాత ఎవరికో ఒకరికి అంటగట్టొచ్చు అనుకున్నాను.

బూర్గంపాడు నుంచి అడవి వైపు పోతే, రెండు వాగులు దాటాక ఒక కోయ గూడెం ఉంది. అక్కడ ఒక పెద్దాయన దగ్గర పికప్ ఉందని, కళ్లు సరిగా కనిపించక అమ్ముతున్నాడని విన్నాను. వెళ్లాను. బండి చింతచెట్టు కింద ఉంది. ఎడమ తలుపు తాడుతో కట్టి ఉంది. వెనక రేకు చిల్లుల్లోంచి నేల కనబడుతోంది. కానీ ఇంజను స్టార్ట్ చేస్తే అన్నం తిని పడుకున్న మనిషి గురకలా నిదానంగా, ఒక్క తీరుగా మోగింది.

పెద్దాయన బండి ముందు నిలబడి తల ఒక పక్కకు వంచి వింటున్నాడు. ఒక కంటికి ఆపరేషన్ వికటించింది, రెండో కన్ను మసక. ఆయన భార్య మిరప మడిలోంచి చేతులు దులుపుకుంటూ వచ్చింది. వ్యవసాయం ఆమెదే. ఆయన పదిహేనేళ్లు ఆ బండి మీద ఊళ్లోవాళ్ల పత్తి, మిరప, తునికాకు మోశాడు, కాన్పుకు వెళ్లే ఆడవాళ్లను భద్రాచలం దవాఖానాకు చేర్చాడు. ఆమె మాట్లాడితే సూటిగా మాట్లాడేది.

"బండి కావాల్నా, బండి సామాను కావాల్నా తమ్మీ?" అన్నది.

"అదేంది అక్కా, గట్ల అడిగినవ్?"

"నీ షెడ్డు ముంగట చూసిన. సగం సగం బండ్లే ఉంటయి."

నవ్వేశాను. నా మీద వేసిన జోకుకు నవ్వడం నాకు అలవాటే. అది జోకు కాదని తెలియడానికి రెండేళ్లు పట్టింది.

బేరం తొందరగానే కుదిరింది. నేను అనుకున్నదానికంటే వాళ్లు తక్కువే అడిగారు. ఎందుకు తక్కువో పెద్దాయన చెప్పాడు.

"ఏడాదిల ఒక్క రోజు బండి మాది తమ్మీ. మిరప కల్లం లేపే రోజు. ఏ రోజో ముందుగాల చెప్పలేం. కాయ ఎండాలె, మబ్బు పట్టకముందే లేపాలె. ఆ రోజు నా బామ్మర్ది వచ్చి తీసుకపోతడు, ఖమ్మం యార్డుల దించి మళ్ల నీ కాడ పెడతడు. గంతే."

కల్లం అంటే మిరపకాయలు ఎండబెట్టే జాగా, లేపడం అంటే ఎండిన కాయను బస్తాలకెత్తడం. పట్నం పిల్లల కోసం చెబుతున్నాను. ఏడాది కష్టమంతా ఆ నేల మీద ఎర్రగా పరిచి ఉంటుంది. వాన తగిలితే కాయ తెల్లబారి, బూజు పట్టి, తాలు అవుతుంది. తాలుకాయను మార్కెట్ యార్డులో చేత్తో కూడా ముట్టుకోరు.

"సరే పెద్దాయనా, ఒక్క రోజేంది, వారం పెట్టుకో" అన్నాను. నోరు నాది కాబట్టి ఖర్చేమీ లేదు.

ఆయన రెండు తాళంచెవులు తీశాడు. ఒకటి నాకిచ్చాడు. రెండోది నడుముకు కట్టుకున్న తాడుకు మళ్లీ ముడివేసుకున్నాడు.

"అది గూడ ఇయ్యరాదు?" అన్నాను.

"ఎద్దును అమ్మినప్పుడు పలుపు ఇయ్యం గద" అన్నాడు. "కొన్నోడు తన పలుపు తెచ్చుకుంటడు. మన పలుపు మన కొట్టంల గుంజకే ఉంటది. ఇది గూడ గంతే."

పలుపు అంటే పశువును కట్టేసే తాడు, మా వైపు పశువుల అమ్మకంలో దాన్ని అట్టిపెట్టుకోవడం మామూలే. బండికి కూడా పలుపు ఉంటుందని ఆ రోజే విన్నాను. ఆమె ఇంట్లోంచి ఒక పెద్ద టార్పాలిన్ పట్టా తెచ్చి బండిలో వేసింది. నీలం రంగు, గట్టి సరుకు. నాలుగు మూలల్లో ఎర్రదారంతో కుట్టు వేసి ఉంది.

"ఇది బండితోనే ఉండనియ్యి. కల్లం రోజు బస్తాల మీద కప్పుకుంటం. బండి మా కాడికి వస్తది గద, పట్టా గూడ దాంతోనే వస్తది" అన్నది.

మొదటి ఏడాది మాట నిలబడింది. చైత్రంలో ఒక తెల్లవారుజామున ఆమె తమ్ముడు పెద్దాయన తాళంచెవితో వచ్చాడు, బండి తీసుకెళ్లాడు, మర్నాడు కడిగి మరీ తెచ్చి పెట్టాడు. సీటు మీద ఒక సంచీ ఎండుమిరపకాయలు కూడా పెట్టాడు. మా ఆవిడ ఆ ఏడాదంతా ఆ కారంతోనే పచ్చళ్లు పెట్టింది.

మా ఆవిడకు నా రెండు బండ్ల మీదా ఒకటే మాట. "ఒకటి నడవదు, ఇంకొకటి ఆగదు." పికప్‌కు బ్రేకులు అంతంతమాత్రం మరి.

ఇక కారు పని. నాతోపాటు షెడ్డులో ఒక డెంటింగ్ భాయ్ ఉండేవాడు. ఖమ్మం మనిషి, నాకంటే పెద్దవాడు. సొట్ట పడిన రేకును సుత్తితో బుజ్జగించి బుజ్జగించి నున్నగా చేసేవాడు. నన్ను వేళాకోళంగా ఉస్తాద్ అనేవాడు. కారు రేకంతా అతని చేతిపనే. లోపలి పని నాది.

పాత కారుకు సామాను దొరకదు. దొరికినా నెలలు పడుతుంది. పికప్ పక్కనే నిలబడి ఉంటుంది. అక్కడ మొదలైంది నా రోగం. ముందు హారన్ తీశాను. మంచి హారన్, పికప్‌కు ఎందుకులే అనుకున్నాను. అద్దం తీశాను. తర్వాత డ్రైవరు సీటు కింది స్ప్రింగులు. తీసినచోట ఏదో ఒక చెత్త సామాను తగిలించేవాణ్ని. పికప్ మాట్లాడదు కదా. నడిచినన్నాళ్లూ నడిచింది.

ఒకసారి భాయ్ సుత్తి పక్కన పెట్టి అన్నాడు. "ఉస్తాద్, బతికున్న దాంట్ల నుంచి పీకి సచ్చినదాంట్ల పెడుతున్నవ్. ఇది ఏ ఊరి రిపేరీ?"

"నీ రేకు పని నువ్వు చూస్కో భాయ్" అన్నాను.

"నేను రేకే చూస్తున్న. పికప్ రేకు ఒక్కటే మిగుల్తదేమో అని చూస్తున్న."

ఆ మధ్యే పెద్దాయన భద్రాచలం కంటి డాక్టరు దగ్గరికి వెళ్తూ షెడ్డుకు వచ్చాడు. నేను పికప్‌ను అటూ ఇటూ తీస్తుంటే ఆయన గేటు దగ్గరే ఆగిపోయాడు. తల వంచి విన్నాడు.

"హారన్ మార్చినవా తమ్మీ?"

"పాతది గొంతు పోయింది పెద్దాయనా."

"మొన్న ఉగాదికి మంచిగనే ఉండె." మళ్లీ విన్నాడు. "నా బండి గిట్ల మొత్తుకోదు."

"నిన్ను యాది చేసుకుని ఏడుస్తున్నది" అన్నాను.

భాయ్ నవ్వలేదు. పెద్దాయన కూడా నవ్వలేదు. బండి ముందు భాగం మీద చెయ్యి పెట్టి, బస్సుకు వెళ్లిపోయాడు. ఆ రోజే హారన్ తీసి దానికి పెట్టి ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగేది. నాకు అప్పుడు కారు తప్ప ఏమీ కనబడటం లేదు. ఆయనకు కళ్లు పోయాయని అందరూ అయ్యో అనేవారు. నా కళ్ల గురించి ఎవరూ ఏమీ అనలేదు.

రెండో ఏడాది చైత్రం వచ్చింది. కారు తయారైంది. నల్లగా, గుండ్రంగా, మళ్లీ నీళ్లలోంచి లేచిన గేదెలాగే ఉంది. ఖమ్మంలో ఒక కాలేజీ గ్రౌండులో పాత కార్ల ప్రదర్శన పెడుతున్నారని, ఒక పెద్దసారు వచ్చి బహుమతులిస్తారని తెలిసింది. ఆ ఊళ్లోనే నన్ను కొట్టి స్టీరింగ్ తుడిచారు. ఆ ఊళ్లోకి ఆ స్టీరింగ్ పట్టుకుని నేను వెళ్లాలి. ఇంతకంటే ఏం కావాలి.

కానీ కారు రేడియేటర్ కారుతోంది. అతుకు వేస్తే ఇంకోచోట కారుతోంది. కొత్తది చెప్పి నెలయింది, రాలేదు. కారు బ్యాటరీ కూడా నీరసంగా ఉంది. ఖమ్మం దాకా మూడు గంటల దారి, ఎండాకాలం. ప్రదర్శన ఆదివారం. శనివారం సాయంత్రం నేను పికప్ బానెట్ ఎత్తాను.

నాలుగు రోజుల ముందే ఆమె కబురు పంపింది, కాయ ఇంకో వారంలో ఎండుతుందని. వారం అంటే నాకు ఆదివారం తర్వాత రెండు రోజులు మిగులుతాయి. సోమవారం పొద్దున అన్నీ తిరిగి బిగించేయొచ్చు. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. బడి మానేసినా ఆపాటి లెక్క వచ్చు నాకు. మబ్బుకు రాదు.

రేడియేటర్ విప్పి, రెండు రేకు ముక్కలు వెల్డింగ్ చేసి కారులో కూర్చోబెట్టాను. బ్యాటరీ మార్చాను. దారిలో దుమ్ము పడకుండా కారు మీద కప్పడానికి పట్టా కావాలనిపించింది. నీలం పట్టా పికప్‌లోనే ఉంది. తీసి కారు డిక్కీలో పెట్టుకున్నాను.

భాయ్ చూస్తూ నిలబడ్డాడు. "కల్లం రోజు వస్తే?"

"రాదు."

"మబ్బు నీకు ఫోన్ చేసి చెప్పిందా, రానని?"

"సోమవారం పొద్దుగాల బిగిస్త భాయ్. ఒక్కరోజు నోరు మూసుకో."

ఆదివారం తెల్లవారుజామున బయల్దేరాను. దారి పొడుగునా జనం ఆగి చూశారు. కొత్తగూడెం దగ్గర ఒక లారీ డ్రైవరు సలాం కొట్టాడు. ఆ మూడు గంటలూ నా జీవితంలో మంచి గంటలే, అబద్ధం ఆడను. అదే ఇప్పుడు నాకు ఎక్కువ మంట.

గ్రౌండులో కార్లన్నీ వరుసగా నిలబెట్టారు. పదిన్నరకు రావాల్సిన పెద్దసారు రెండైనా రాలేదు. నేను గుడ్డ పట్టుకుని తుడిచిందే తుడుస్తున్నాను. మధ్యాహ్నం దాటాక ఈశాన్యం నుంచి మబ్బు లేచింది. మా వైపు నుంచే. చూశాను. చూసి, నా కారు మీద వాన పడుతుందేమోనని భయపడ్డాను. ఇంకేమీ గుర్తు రాలేదు. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఫోన్ మోగింది. భాయ్. సరిగ్గా అప్పుడే పెద్దసారు కారు గ్రౌండు గేట్లోకి వచ్చింది. ఫోన్ కోసేశాను. మళ్లీ మోగింది. మళ్లీ కోశాను. మూడోసారి మోగేసరికి ఫోన్ నోరు నొక్కి జేబులో పెట్టుకున్నాను.

పెద్దసారు నా కారు ముందు ఆగింది అరనిమిషం. "ఇది నడుస్తదా?" అని అడిగాడు. "నడిపించుకునే వచ్చిన సార్, బూర్గంపాడు నుంచి" అన్నాను. "అవునా" అని పక్క కారు దగ్గరికి వెళ్లిపోయాడు. మొదటి బహుమతి ఆ పక్క కారుకే వచ్చింది. దాన్ని లారీ మీద ఎక్కించి తెచ్చారు. దాని ఇంజనులో ఏముందో దాని ఓనరుకే తెలియదు. నాకు పాల్గొన్నందుకు అని ఒక ప్లాస్టిక్ షీల్డు ఇచ్చారు.

షీల్డు చేతికి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. పరిగెత్తి డిక్కీ తెరిచి, పట్టా తీసి కారు మీద కప్పాను. నాలుగు మూలలూ లాగి కట్టాను. మంచి పట్టా. కారు మీద ఒక్క చుక్క పడలేదు.

అప్పుడు ఎర్రదారం కుట్టు కనబడింది. అప్పుడు ఫోన్ తీశాను.

షెడ్డులో జరిగింది భాయ్ చెప్పాడు. రెండు దాటాక ఆమె తమ్ముడు బైకు మీద వచ్చాడు. పొద్దున్నుంచీ మబ్బు వాసన వస్తోందని, కాయ దాదాపు ఎండిందని, కూలీలు బస్తాలు నింపుతున్నారని చెప్పాడు. తెచ్చిన తాళంచెవి పెట్టి తిప్పాడు. చప్పుడు లేదు. బ్యాటరీ దిగిందేమో, తోద్దాం పట్టమన్నాడు భాయ్‌ను. భాయ్ బానెట్ ఎత్తి చూపించాడు. ముందు జాలీలోంచి చూస్తే ఇంజను ముందు ఖాళీ. కింద నేల కనబడుతోంది. బ్యాటరీ లేకపోతే తోసి స్టార్ట్ చేయొచ్చు. రేడియేటర్ లేకపోతే ఏం తోస్తారు.

"పట్టా అన్న ఇయ్యి భాయ్, కప్పుకుంటం" అన్నాడట అతను. భాయ్ బండి వెనక్కి వెళ్లి చూశాడట. అప్పుడే నాకు మొదటి ఫోన్.

కిరాయి బండ్ల కోసం ఇద్దరూ తిరిగారు. మబ్బు అందరికీ ఒకటే కదా, అందరి కల్లాలూ ఆ రోజే లేస్తున్నాయి. ఒక్క ట్రాలీ ఖాళీ లేదు. భాయ్ భద్రాచలం వంతెన దాటి వెళ్లి తన డబ్బుతో ఒక పట్టా కొని ఇచ్చి పంపాడు. రెండో వాగు దగ్గరే వాన అందుకుంది. గూడెంలో ఇంట్లో ఉన్న చీరలు, దుప్పట్లు, యూరియా సంచులు కప్పారట. చీరలు వానను ఆపుతాయా.

మూడో రోజు పొద్దున వాళ్లిద్దరూ బస్సు దిగి షెడ్డుకు వచ్చారు. నేను అప్పటికే రేడియేటర్, బ్యాటరీ, హారన్, అద్దం, స్ప్రింగులు అన్నీ తిరిగి పికప్‌కు బిగించేశాను. రెండు రాత్రులు నిద్రపోలేదు. వాళ్లు ఏం తిడతారో, దానికి ఏం చెప్పాలో అన్నీ సిద్ధం చేసుకుని ఉన్నాను. తిట్లకు జవాబు చెప్పడంలో నేను దిట్ట.

వాళ్లు తిట్టలేదు.

పెద్దాయన నడుము తాడు ముడి విప్పాడు. దానికి కాస్త సేపు పట్టింది, ఆమె సాయం చేయబోతే వద్దన్నాడు. తాళంచెవి తీసి నా పనిబల్ల మీద చేత్తో తడిమి, పానాల పక్కన పెట్టాడు.

"పలుపు ఇంటికాడ ఉంటే ఎద్దు యాదికొస్తది తమ్మీ" అన్నాడు. "ఇది గూడ నువ్వే పెట్టుకో."

"పెద్దాయనా, నేను..."

"ఆ పట్టా మాది" అన్నది ఆమె. "ఇస్తే పోతం, బస్సున్నది."

పట్టా అప్పటికీ కారు మీదే ఉంది. ఆదివారం రాత్రి షెడ్డులో కారు పెట్టి, తీయడానికి చేతులు రాలేదు. ఆమె తనే వెళ్లింది. నాలుగు మూలలూ విప్పింది. కింద నల్లటి కారు తళతళ మెరుస్తూ బయటపడింది. ఆమె దాన్ని చూసింది. ఒక్కసారే, కింది నుంచి పైదాకా.

"మంచిగ చేసినవ్" అన్నది.

పట్టాకు అక్కడక్కడా పాలిష్ మరకలు అంటుకుని ఉన్నాయి. ఆమె దులిపి, మడతపెట్టి, చంకలో పెట్టుకుంది. నేను అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఇద్దరూ బస్టాండు వైపు నడిచి వెళ్లారు. ఆయన ఆమె భుజం పట్టుకుని నడుస్తున్నాడు.

వాళ్లు మలుపు తిరిగాక నేను భాయ్ మీద అరిచాను. నువ్వు గట్టిగా ఆపి ఉంటే, ఇంకో పది సార్లు ఫోన్ చేసి ఉంటే, అంటూ. అతను చేతులు కడుక్కుని, కండువా భుజాన వేసుకున్నాడు.

"నువ్వు ఫోన్ ఎత్తలే ఉస్తాద్. కోసింది నువ్వు, నేను గాదు" అని వెళ్లిపోయాడు. పది రోజులు షెడ్డుకు రాలేదు. వచ్చాక ఉస్తాద్ అనడం మానేశాడు. పేరు పెట్టి పిలిచేవాడు. నా పేరు అంత అసహ్యంగా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

కారును నెలలోపే అమ్మేశాను. ఖమ్మం దారిలో ఒక పెద్ద హోటలువాళ్లు కొన్నారు. గేటు పక్కన గట్టు కట్టి దాని మీద నిలబెట్టారు. ఇంజను తీసేసి బానెట్లో పూలకుండీలు పెట్టారు. ఫోటోలు దిగేవాళ్లు దిగుతున్నారు. బస్సు అక్కడికి రాగానే నేను రెండో వైపు చూస్తాను. ఆ డబ్బు పట్టుకుని గూడెం వెళితే ఆమె గుమ్మంలోనే ఆపింది. "ఆ కారు పైసలతోటి మా కాయ ఎండదు తమ్మీ. తీసుకపో" అన్నది. లోపల్నుంచి పెద్దాయన దగ్గు వినబడింది. బయటికి రాలేదు.

మరుసటి చైత్రంలో నేను రోజూ ఆకాశం చూశాను. కాయ ఎప్పుడు ఎండుతుందో కనుక్కుంటూ ఉన్నాను. పికప్‌కు కొత్త బ్యాటరీ వేశాను, బ్రేకులు చేశాను, తాడు తీసేసి తలుపుకు గొళ్లెం పెట్టాను. కల్లం లేపుతున్నారని తెలిసిన రోజు, ఎవరూ పిలవకుండానే, జేబులో రెండో తాళంచెవి వేసుకుని బయల్దేరాను. దారంతా ఏం మాట్లాడాలో అనుకుంటూ వెళ్లాను.

కల్లం పక్కన కిరాయి ట్రాలీ ఆగి ఉంది. బస్తాలు ఎక్కిస్తున్నారు. మీద కప్పడానికి నీలం పట్టా సిద్ధంగా ఉంది.

నేను దిగి తాళంచెవి ఆమె ముందు పట్టుకున్నాను. "అక్కా, ఇది మీ కాడనే ఉండనియ్యి."

"అది మాకెందుకు?" అన్నది ఆమె. "కిరాయి బండోని ఫోన్ నంబరున్నది."

తాళంచెవి మళ్లీ జేబులో వేసుకున్నాను. ట్రాలీ నిండింది. ఇంకా ఆరు బస్తాలు నేల మీద ఉన్నాయి. ట్రాలీవాడు ఇక పట్టవన్నాడు. ఆమె తమ్ముడు మబ్బు వైపు చూశాడు. ఆమె బస్తాల వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది.

"యార్డుకు కిరాయి ఎంత తీసుకుంటవ్?" అని అడిగింది.

"నేను కిరాయి తీసుకుంటనా అక్కా?"

"తీసుకుంటేనే ఎక్కిస్తం. లేకుంటే ఆయన మళ్ల ఒక ట్రిప్పు వస్తడు."

జోకు ఏదన్నా వస్తుందేమోనని చూశాను. రాలేదు. "ట్రాలీ ఆయన ఎంత తీసుకుంటే గంత" అన్నాను. ఆరు బస్తాలు ఎక్కించారు. తన నీలం పట్టాను ఆమె ట్రాలీ మీదే కప్పింది. నేను తెచ్చుకున్న పట్టా నేను కప్పాను.

స్టార్ట్ చేయబోతుంటే ఎడమ తలుపు తెరుచుకుంది. పెద్దాయన. కొత్త గొళ్లెం తడిమి చూసి, ఎక్కి కూర్చున్నాడు. ఎందుకు ఎక్కాడో చెప్పలేదు. ట్రాలీలో చోటు లేకనేమో. నేను అడగలేదు.

ఖమ్మం దాకా మూడు గంటలు. నేను నోరు తెరవలేదు. నన్ను ఎరిగినవాళ్లు ఎవరూ ఇది నమ్మరు. ఆయన తల ఒక పక్కకు వంచి కూర్చున్నాడు. ఒక్కోసారి నిద్రపోయాడేమో అనుకున్నాను. యార్డు గేటు దగ్గర, బండ్ల వరుసలో ఆగినప్పుడు, ముందుకు చూస్తూనే అన్నాడు.

"మూడో గేరు కాడ ఏదో సన్నగ అరుస్తున్నది. చూసుకో."

అంతే. దిగిపోయాడు. ట్రాలీ మీద వచ్చిన ఆమె కిరాయి లెక్కగా చేతిలో పెట్టింది. తీసుకున్నాను.

అప్పటినుంచి ఏటా ఆ రోజు వెళ్తున్నాను. ఫోన్ చేసి పిలుస్తారు, కిరాయికే. షెడ్డు మూసేశాను, భాయ్ ఖమ్మం వెళ్లిపోయాడు, పికప్ మాత్రం ఉంది. రెండు తాళంచెవులూ ఒకే మేకుకు వేలాడుతుంటాయి. ఏటా ఆయన వచ్చి ఎడమ పక్కన కూర్చుంటాడు. ఏటా యార్డు గేటు దగ్గర, మూడో గేరు ఇంకా అరుస్తున్నదని చెబుతాడు. చూస్తలే పెద్దాయనా, అంటాను.

ఆయన చెప్పింది నిజమే. గేరుబాక్సులో ఒక బేరింగు అరిగింది. నాలాంటి మెకానిక్‌కు ఒక్క పూట పని. బేరింగు కొని కూడా పెట్టాను, డబ్బాలో ఉంది. దాన్ని మార్చేస్తే ఆయన నాతో మాట్లాడటానికి ఇంకేం ఉంటుంది.